చిన్న మాటల లోతు చూచిన పెద్ద పండితుడు – జేమ్సు మర్రే



ఇంగ్లీషు పాఠములో పొడుగైన మాట ఎదురైనప్పుడు మీరు జంకుదురు. వెంటనే నిఘంటువు విప్పి చూతురు. దానికి ఒకటో రెండో అర్థములుండును. వానిని పుస్తకపు అంచున వ్రాసికొని నిశ్చింతగా ఉందురు. కాని మూడు నాలుగు అక్షరముల చిన్న మాట వచ్చినప్పుడు ఎవరును నిఘంటువు ముట్టరు. తెలిసిన మాటయే కదా యని దాటిపోవుదురు. అనువాదములో తప్పులు దొరలునది సరిగా అచ్చటనే.

ఒకనాడు మన తరగతిలో ఒక బాలుడు చిన్న ఇంగ్లీషు కథను తెనిగించుచు, ఆ ప్రయాణము ఒక గంటను తీసికొన్నదని వ్రాసెను. అదే కథలో, తుపాను వేళ ఓడలోని చేతులన్నియు పైకి వచ్చినవని వ్రాసెను. తరగతి యంతయు గొల్లుమన్నది. బాలుడు చిన్నబోయెను. టేక్ అనగా తీసికొనుట యనియు, హ్యాండ్ అనగా చేయి యనియు అతనికి తెలియును. ప్రయాణమునకు గంట పట్టినదనియు, ఓడలోని పనివారందరును పైకి వచ్చిరనియు ఆ మాటలే చెప్పగలవని తెలియదు. నవ్విన వారిలో మాత్రము ఎందరికి తెలియును? మాటల లోతు తెలిసికొనుటకు తన జీవితములో 36 సంవత్సరములు ధారపోసిన ఒక మహనీయుని కథ నాకు ఆ దినమున జ్ఞప్తికి వచ్చినది. ఆయనయు సరిహద్దు ప్రాంతమువాడే, ఉపాధ్యాయుడే. ఆయన పేరు జేమ్సు మర్రే.

మర్రే 1837వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన స్కాట్లండు దక్షిణ భాగమున, హాయిక్ పట్టణమునకు చేరువనున్న డెన్‌హోమ్ అను పల్లెలో జన్మించెను. తండ్రి దర్జీ. ఆ ఇంట సంపద లేదు; చదువుపై గౌరవము మాత్రము కలదు. ఆ ప్రాంతము ఇంగ్లండు సరిహద్దునకు దగ్గరిది. అచ్చటివారు ఇంటిలో మాటలాడునది స్కాట్లండు దక్షిణ మండలపు పలుకు. బడిలో చదువునది పుస్తకముల ఇంగ్లీషు. ఇంటి పలుకును మోటుమాట యనియు, చెడిపోయిన ఇంగ్లీషనియు తలంచు పెద్దలు ఆ కాలమున పెక్కుమంది యుండిరి. బాలుడైన జేమ్సు అట్లు తలంచలేదు. రెండు పలుకులను చెవియొగ్గి విని, వాని పోలికలను, భేదములను గమనించుచు పెరిగెను. రాళ్లు, మొక్కలు, నక్షత్రములు, పాత కట్టడములు, పరభాషలు – అన్నిటియందును అతనికి ఆసక్తియే. ఊరి ఆవులకు లాటిను పేర్లు నేర్పజూచెనని కూడ ఒక ముచ్చట చెప్పుదురు.

పేదరికము వలన 14 సంవత్సరముల వయస్సుననే అతని బడిచదువు ముగిసినది. కాని చదువు ముగియలేదు. దొరికిన పుస్తకము నెల్ల చదివి, 17వ ఏట హాయిక్ పట్టణపు పాఠశాలలో సహాయోపాధ్యాయుడయ్యెను; 20వ ఏట అదే ఊరిలోని మరియొక విద్యాలయమునకు ప్రధానోపాధ్యాయుడయ్యెను. 1862లో మార్గరెట్ స్కాట్ అను సంగీతోపాధ్యాయినిని వివాహమాడెను. వారికి ఒక ఆడుబిడ్డ పుట్టి పసితనముననే మరణించినది. భార్యకు క్షయవ్యాధి సోకినది. స్కాట్లండు చలి ఆమె ఓర్వలేదని వైద్యులు చెప్పగా, ఆయన ప్రధానోపాధ్యాయ పదవిని విడిచి లండనుకు పోయి, మన దేశముతో వ్యాపారము నెరపు చార్టర్డ్ బ్యాంకులో గుమాస్తాగా చేరెను. ఇంత చేసినను ఆమె బ్రదుకలేదు. 1865లో మరణించినది. అప్పటికి మర్రే వయస్సు 28 సంవత్సరములు.

దుఃఖమున ఆయనకు చదువే తోడయ్యెను. పగలు లెక్కలు వ్రాయుచు, తక్కిన వేళల భాషలు అభ్యసించెను. 1866లో బ్రిటిష్ మ్యూజియములో ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుచు, తనకు ఎక్కువగనో తక్కువగనో పరిచయమున్న భాషలను పెద్ద పట్టికగా వ్రాసెను. ఆ ఉద్యోగము రాలేదు. మరుసటి సంవత్సరము ఆయన ఏడా రూత్వెన్ అను ఆమెను వివాహమాడెను. ఆమె ఆయనకు జీవితాంతము కుడిభుజమై నిలిచినది. వారికి 11 మంది సంతానము. 1870లో మర్రే బ్యాంకు విడిచి, లండను సమీపమున మిల్ హిల్ అనుచోట నున్న పాఠశాలలో మరల ఉపాధ్యాయుడయ్యెను.

అచ్చట పనిచేయుచుండగనే 1873లో ఆయన మొదటి గొప్ప గ్రంథము వెలువడినది. అది తన ఇంటి పలుకును గూర్చినది. స్కాట్లండు దక్షిణ మండలముల మాండలికముపై వ్రాసినది. దిగువ స్కాట్లండు వారి పలుకును ఉత్తర ఇంగ్లండు వారి పలుకును ఒకే ప్రాచీన భాష సంతతి యని ఆయన అందు నిరూపించెను. రాజులు గీచిన సరిహద్దు గీత భాషను చీల్చలేదని తేలినది. ఎవరు మోటుమాట యని త్రోసివేసిరో, ఆ మాటకు వందల యేండ్ల చరిత్ర గలదని లోకమునకు తెలిసినది. మన ప్రాంతమువారు ఈ సంగతిని రెండుమారులు చదువవలెను.

ఇంక ఆయన జీవితకార్యమునకు వత్తము. లండనులోని భాషాశాస్త్ర సమాజమువారు 1857లో ఒక క్రొత్త విధమైన ఇంగ్లీషు నిఘంటువును సంకల్పించిరి. ప్రతి మాట ఎప్పుడు భాషలో ప్రవేశించినది, దాని అర్థములు శతాబ్దముల వెంట ఎట్లు మారినవి, ఏ గ్రంథములో ఎట్లు వాడబడినది – ఇదంతయు ఉదాహరణ వాక్యములతో చూపవలెనని వారి ఆశయము. అనగా ప్రతి మాటకును ఒక జీవితచరిత్ర వ్రాయుట. మొదటి సంపాదకుడైన హెర్బర్ట్ కోలరిడ్జ్ 1861లో, ముప్పదేండ్ల వయస్సుననే మరణించెను. పిమ్మట ఫర్నివాల్ అను పండితుడు ఆ భారము వహించెను గాని పని నత్తనడక నడచినది. తుదకు 1879 మార్చి 1వ తేదీన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయముతో ఒడంబడిక జరిగి, సంపాదకత్వము మర్రేకు దక్కినది. పది సంవత్సరములలో, నాలుగు సంపుటములలో పూర్తియగునని అందరును అనుకొనిరి.

మర్రే మిల్ హిల్ పాఠశాల ఆవరణములో ఇనుపరేకుల గది యొకటి కట్టించి, దానికి స్క్రిప్టోరియము, అనగా లేఖనశాల, అని పేరు పెట్టెను. ఫర్నివాల్ వద్దనుండి సుమారు రెండు టన్నుల చీటీలు వచ్చి పడినవి. గోనెసంచులలో కుక్కిన ఆ చీటీల నడుమ ఒక సంచిలో చచ్చిన ఎలుక, మరియొక దానిలో పిల్లలతోగూడిన చుంచు కనబడినవి. హెచ్ అక్షరపు చీటీలు ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున దొరకినవి. పి అక్షరములో కొంత భాగము ఐర్లండులో ఒక గుఱ్ఱపుశాలలో బయటపడినది. అందు పెక్కు చీటీలను పొయ్యి రాజవేయుటకు వాడిరట!

ఆ చీటీలను సవరించి చూచినప్పుడు మర్రేకు ఒక పెద్ద లోపము కనబడినది. మన కథకు ఇదియే ఆయువుపట్టు. స్వచ్ఛందముగా గ్రంథములు చదివి చీటీలు పంపినవారందరును అరుదైన మాటలను, వింత మాటలను ఏరి పంపిరి గాని, నిత్యము వాడు మాటలను వదలివేసిరి. అబ్యూజన్ అను మరుగుపడిన మాటకు ఏబది చీటీలు వచ్చినవి. అబ్యూజ్ అను వాడుక మాటకు ఐదైనను లేవు. ముత్యములు ఏరబోయి బియ్యము మరచినట్లయినది. నిఘంటువునకు మూలధనము వాడుక మాటలే కదా! మర్రే 1879 ఏప్రిలులో బ్రిటను, అమెరికా, వలస దేశముల చదువరులకు ఒక విజ్ఞప్తి అచ్చువేసి పంపెను. అరుదైన మాటలతోపాటు సామాన్యమైన మాటలను కూడ ఎత్తి వ్రాయుడని కోరెను. వందలకొలది చదువరులు ముందుకు వచ్చిరి. ప్రతి చీటీపై ఒక మాట, అది కనబడిన వాక్యము, గ్రంథము పేరు, సంవత్సరము, పుటసంఖ్య ఉండవలెను. అట్టి చీటీలు కాలక్రమమున ఏబది లక్షల వరకు చేరినవి.

చీటీలు చేరుటతో పని తీరలేదు. అసలు పని అప్పుడే మొదలు. పొడుగైన పండితపదమునకు పది చీటీలుండును; ఒక గంటలో అర్థము తేలును. చిన్న మాటకు వేలు. ఉదాహరణమునకు, మర్రే స్వయముగా పరిష్కరించిన హెచ్ అక్షరములోని హ్యాండ్ అను మాటనే చూడుడు. అది మొదట చేయి. చేతితో పనిచేయువాడు గనుక పనివాడును హ్యాండే. చేతితో వ్రాయుదుము గనుక వ్రాతతీరును హ్యాండే. గడియారమునందు గంటను చూపు ముల్లును హ్యాండే. పేకాటలో ఒకని చేతికి వచ్చిన ముక్కల మొత్తమును హ్యాండే. గుఱ్ఱపు ఎత్తును కొలుచు నాలుగంగుళముల కొలతయు హ్యాండే. ఇందు ఏది తల్లి, ఏది బిడ్డ, ఏది మనుమరాలు? ఏది ఏ శతాబ్దమున పుట్టినది? ఇది తేల్చుట సంపాదకుని పని.

దానికి మర్రే అవలంబించిన పద్ధతి సులభముగా చెప్పవచ్చును. చేయుట మాత్రము కష్టము. ఒక మాటకు వచ్చిన చీటీలను కాలక్రమమున పేర్చి, అర్థమును బట్టి ఇరువదో ముప్పదో నలుబదో కట్టలుగా విభజించెడివాడు. ఒక్కొక్క కట్టకు తాత్కాలికముగా ఒక అర్థము వ్రాసి, అన్నిటిని బల్లపైననో నేలపైననో పరచెడివాడు. పిదప చదరంగపు పావులను జరిపినట్లు వానిని ఇటునటు జరుపుచు, ఒక అర్థమునుండి మరియొక అర్థము ఎట్లు పుట్టినదో గొలుసు కుదురు వరకు గంటలకొలది కూర్చుండెడివాడు. బి అక్షరములోని బ్లాక్ అను ఒక్క మాటకును, దాని పిల్లమాటలకును ఒక సహాయకునికి సుమారు మూడు మాసములు పట్టినది.

చిన్న మాటలకే ఇన్ని అర్థములేల? కారణము ఆలోచించిన తెలియును. ఇంగ్లీషులోని పొడుగు మాటలు పెక్కు లాటిను, గ్రీకు భాషలనుండి పండితులు తెచ్చికొన్నవి. ఒక పనికై తెచ్చిరి గనుక చాలవరకు ఆ పనికే కట్టుబడియున్నవి. టేక్, సెట్, రన్, టర్న్ వంటివి వేయి సంవత్సరములుగా ఇంటను పొలమునను ఓడపైనను సంతలోను నలిగిన మాటలు. నావికుడు, నేతగాడు, వంటకత్తె, వర్తకుడు, ఆటగాడు – ఎవరికి వారు అదే మాటను తమ పనికి వాడుకొనిరి. అంతేకాక అవి అప్, అవుట్, డౌన్ వంటి పొడిమాటలతో జతకూడి క్రొత్త అర్థములను ఈనును. టర్న్ అనగా తిరుగుట లేక త్రిప్పుట. టర్న్ అప్ అనగా వచ్చి కనబడుట. టర్న్ డౌన్ అనగా కాదని త్రోసిపుచ్చుట. పనిచేయు చేతికి కాయలు కాచినట్లు, పనిచేయు మాటకు అర్థములు పుట్టును.

1884లో నిఘంటువు మొదటి భాగము 352 పుటలతో వెలువడినది. అందు ఏ అక్షరము కూడ పూర్తికాలేదు. చీమ యను అర్థము గల యాంట్ అను మాటవరకే వచ్చినది. అప్పటికే ఐదేండ్లు గడచినవి. మరుసటి సంవత్సరము మర్రే బడి ఉద్యోగము మాని, కుటుంబముతో ఆక్స్‌ఫర్డ్ చేరి, బాన్‌బరీ రోడ్డులోని ఇంటి తోటలో మరల ఒక ఇనుపరేకుల గది కట్టించెను. పొరుగింటివారి చూపునకు అడ్డు రాకుండుటకై దానిని కొంత నేలలోనికి దింపి కట్టవలసివచ్చెను. అందుచేత అది చెమ్మగిల్లెడిది. ఆయనకు మాటిమాటికి జలుబు చేసెడిది. చలికాలమున దళసరి కోటు తొడిగికొని, గాలి తగులకుండ పాదములను ఒక పెట్టెలో ఉంచుకొని ఆయన పనిచేసెడివాడు. గది గోడలనిండ చీటీల గూళ్లు వెయ్యికి పైగా ఉండెడివి. ఆయన బిడ్డలు అక్షరములు నేర్చినది మొదలు చీటీలను అక్షరక్రమమున పేర్చి, గంటకు ఇంతయని కూలి సంపాదించెడివారు. ఆయనకు వచ్చు ఉత్తరముల ధాటికి తపాలావారు ఇంటి ఎదుటనే ఒక తపాలాపెట్టె నిలిపిరి.

ఈ యజ్ఞమునకు సాయపడిన వారిలో మనము తలచుకొనదగినవాడు ఫిట్జ్ఎడ్వర్డ్ హాల్. అమెరికాలో పుట్టి, మన దేశము చేరి, కాశీలోని ప్రభుత్వ సంస్కృత కళాశాలలో బోధించిన పండితుడాయన. పిమ్మట ఇంగ్లండులో ఒక పల్లెలో ఏకాంతముగా నివసించుచు, ఇరువది సంవత్సరములు దాదాపు ప్రతిదినము నాలుగేసి గంటలు ఈ నిఘంటువునకై వెచ్చించెను, ప్రతిఫలము కోరలేదు. మరియొకడు డాక్టరు మైనర్. ఒకప్పుడు అమెరికా సైన్యమున వైద్యుడు. మతిచెడి ఒకని ప్రాణము తీసి, ఇంగ్లండులో మానసిక రోగుల ఆశ్రమమున నిర్బంధింపబడినవాడు. ఆ గదిలోనే ప్రాచీన గ్రంథములు చదివి వేలకొలది ఉదాహరణములు పంపెను. మర్రే స్వయముగా పోయి ఆయనను దర్శించి, స్నేహము చేసెను.

కష్టములు తక్కువ కాలేదు. ముద్రణాలయమువారు వేగముగా ముగింపుమని, పుటలు తగ్గింపుమని ఒత్తిడి చేయుచునే యుండిరి. ఒక దశలో ప్రచురణ నిలిపివేయు ప్రస్తావన కూడ వచ్చినది. వేగమా, సత్యమా అను ప్రశ్న ఎదురైనప్పుడెల్ల మర్రే సత్యమునే ఎన్నుకొనెను. అట్టి జాగరూకునికిని పొరపాటు తప్పలేదు. దాసి యను అర్థము గల బాండ్‌మెయిడ్ అను మాట చీటీలు ఎచ్చటనో జారిపోగా, ఆ మాట లేకయే ఆ భాగము అచ్చయినది. చాలకాలమునకు గాని అవి దొరకలేదు. ఇంత పనిలో ఇంతటి చిన్న తప్పునకే ఆయన ఎంతయో నొచ్చుకొనెను.

క్రమముగా హెన్రీ బ్రాడ్లీ, విలియమ్ క్రెయిగీ, చార్లెస్ ఆనియన్స్ అను పండితులు తోడి సంపాదకులైరి. 1908లో మర్రేకు సర్ బిరుదము లభించినది. ఏ నగరమున ముప్పదేండ్లు శ్రమించెనో ఆ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమును 1914లో, అనగా మరణమునకు ఒక సంవత్సరము ముందు మాత్రమే, ఒసగినది. తన 80వ జన్మదినమునకు గ్రంథము పూర్తిచేయవలెనని ఆయన కోరిక. అది తీరలేదు. టి అక్షరము పరిష్కరించుచుండగా, 1915 జూలై 26న, 78వ ఏట కన్నుమూసెను. మొత్తము గ్రంథములో సుమారు సగము ఆయన చేతిమీదుగ నడచినదే.

శేషించిన పనిని సహచరులు 1928లో ముగించిరి. పది సంవత్సరముల పని 49 సంవత్సరములయ్యెను. 15,000 పుటలు మించిన ఆ గ్రంథములో 4,14,000లకు పైగా మాటలు, 18 లక్షలకు పైగా ఉదాహరణములు గలవు. 1989లో 20 సంపుటములుగా వెలువడిన రెండవ కూర్పులో అన్నిటికంటె పెద్ద స్థలము ఆక్రమించిన మాట మూడక్షరముల సెట్. దానికి సుమారు 430 అర్థములు, వివరణకు 60,000 మాటలు. 2011 నాటికి సవరించిన పాఠములో రన్ అను క్రియకు 645 అర్థములు లెక్కింపబడినవి. చిన్న మాటను చులకన చేయరాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

విద్యార్థులారా, ఈ గుణము ఇంగ్లీషుకే సొంతమనుకొనకుడు. మన పట్టు అను మాట చూడుడు. చేతితో పట్టుట, గంట పట్టుట, చెమట పట్టుట, తుప్పు పట్టుట, దయ్యము పట్టుట, వాన పట్టుట, పందెము పట్టుట, ఇవి క్రియలు. పట్టుచీర, తేనెపట్టు, మంకుపట్టు, శాస్త్రములో పట్టు, ఇవి నామములు. పడు, కొట్టు, పెట్టు, వేయు అను మాటలును ఇట్టివే. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన బ్రౌను దొరగారును ఇట్టి మాటలను ఓపికతో ఏరి కూర్చిన వారే.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన పిల్లలకు బడిలో పుస్తకముల తెలుగు, ఇంటిలో అవ్వతాతల తెలుగు, బజారులో తమిళము. మన ఇంటి తెలుగును ఇతర జిల్లాలవారు విని నవ్వినప్పుడు పిల్లలు సిగ్గుపడి నోరు మూసికొందురు. దర్జీ కుమారుడైన ఒక పల్లె బాలుడు తన ఇంటి పలుకునకు సిగ్గుపడక, దానిపైననే మొదటి గ్రంథము వ్రాసి, తుదకు ఇంగ్లీషు భాషకంతటికిని పెద్దదిక్కయ్యెనని వారికి చెప్పుడు. ఇంటి మాటను ప్రేమించినవానికే పరభాష లోతును తెలియును.

తరగతిలో నవ్వులపాలైన ఆ బాలునికి నేను ఈ కథ చెప్పి, పట్టు అను మాటపై చీటీలు వ్రాసి తెమ్మంటిని. వారము దినములకు 23 చీటీలు తెచ్చెను. అందొకటి అతని అవ్వ చెప్పినది: కురుపు చితుకుటకు ఆకు నూరి పట్టు వేయుట. ఆ వాడుక నాకు తట్టనే లేదు. ఆ చీటీలను అట్టపెట్టెలో వేసి తరగతి బీరువాపై ఉంచితిని. పెట్టెలో చోటు చాల ఉన్నది. మీరును తలకొక చిన్న మాట ఎన్నుకొని, ఇంటిలో పెద్దలనడిగి, చీటీలు వ్రాసి తెండు.